స్వామి వెళ్లిపోయాక: సమాధి, ఆరాధన, పీఠం ఎవరి చేతిలో?

2011 ఏప్రిల్ 24, ఆదివారం ఉదయం పుట్టపర్తిలో సత్యసాయిబాబా కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు 84 ఏళ్లు. మార్చి చివరి నుంచీ ఆసుపత్రిలోనే ఉన్నారు కాబట్టి కబురు ఏ క్షణాన్నైనా రావచ్చని అందరికీ తెలుసు. తీరా వచ్చాక మాత్రం టీవీల ముందు కూర్చున్న జనానికి వరసగా సందేహాలు పుట్టుకొచ్చాయి. దహనం చేస్తారా, సమాధి చేస్తారా? ఎక్కడ? కర్మ ఎవరు చేస్తారు? ఇక మీదట ఆయన స్థానంలో ఎవరు?

ఈ ప్రశ్నలకు జవాబు చెప్పే పుస్తకమేదీ పుట్టపర్తిలో లేదు. సత్యసాయి ఏ పాత పీఠానికీ అధిపతి కారు. శాస్త్రప్రకారం సన్యాసం పుచ్చుకుని దండం పట్టినవారూ కారు. చివరికి ఏప్రిల్ 27న, ఆయన ఏళ్ల తరబడి దర్శనమిచ్చిన సాయి కుల్వంత్ హాల్లోనే సమాధి చేశారు. తమ్ముడి కొడుకు రత్నాకర్ కర్మ చేశారు. వేద మంత్రాలతో పాటు వేరే మతాల ప్రార్థనలూ వినిపించాయి. ప్రభుత్వ లాంఛనాలూ జరిగాయి.

అదే మఠాధిపతి విషయంలో అయితే ఇంత వెతుకులాట ఉండదు. గుంత ఎంత లోతు తవ్వాలో, అందులో ఏం పోయాలో, ఎవరు పోయాలో వందల ఏళ్ల కిందటే తేలిపోయింది. గురువు పోయాక చేసే గౌరవమంతా భక్తి వ్యవహారమే అనుకుంటాం. భక్తి ఉంది, కాదనలేం. కానీ దానికి చేసే ప్రతి పనీ ఒక హక్కును కూడా తేల్చేస్తుంది. దేహం మీద చేయి వేసేదెవరు, మొదటి హారతి ఇచ్చేదెవరు, ఏటా ఆరాధన నడిపేదెవరు అన్నది తేలితే వారసుడెవరో తేలినట్టే. ఈ సంగతి మనసులో పెట్టుకుంటే, బయటికి గందరగోళంగా కనిపించే చాలా గొడవలు అర్థమవుతాయి.

నిప్పు ఎందుకు పెట్టరు

చిన్నపిల్లల్ని మినహాయిస్తే, దహనం అలవాటున్న కుటుంబాల్లో ఎవరు పోయినా చితి తప్పదు. సన్యాసికి మాత్రం తప్పుతుంది. కారణం ఆయన సన్యాసం తీసుకున్న రోజే మొదలవుతుంది. ఆ రోజు ఆయన తన శ్రాద్ధం తానే పెట్టుకుంటాడు. విరజా హోమం చేసి, అప్పటిదాకా తాను ఆరాధించిన అగ్నుల్ని తనలోకే ఆవాహన చేసుకుంటాడు. అద్వైత, మధ్వ సన్యాసులు జంధ్యం, పిలక కూడా వదిలేస్తారు. త్రిదండం పట్టే శ్రీవైష్ణవ జీయర్లు ఆ రెండూ ఉంచుకుంటారు. ఏదైనా గానీ, ఇల్లు, గోత్రం, కొడుకు చేతి కర్మ అన్నవి ఆ రోజుతో సరి. దహనం అంటే మనిషిని అతని అగ్నికే అర్పించడం. సన్యాసికి బయట అగ్ని లేదు కాబట్టి అర్పించడానికీ ఏమీ లేదు.

అందుకే పూర్వాశ్రమ బంధువులకు పది రోజుల మైల ఉండదు. కబురు విన్నాక స్నానం చేస్తే చాలు. పిండాలు, తద్దినాలు ఉండవు. పదకొండో రోజు పార్వణం, పన్నెండో రోజు నారాయణ బలి చేస్తారు. ఆ తర్వాత ఏటా వచ్చేది ఆరాధన. ప్రేత రూపాన్ని దాటించాల్సిన అవసరమే లేనివాడని ఆయన గురించి నమ్మకం. పెట్టేది పిండం కాదు, పూజ.

దేహాన్ని పడుకోబెట్టరు, కూర్చోబెడతారు. స్నానం చేయించి, విభూతో గోపీచందనమో ఆ సంప్రదాయం ప్రకారం దిద్ది, కాషాయం కట్టి, దండం పక్కన ఉంచుతారు. వెదురు బుట్టలో గానీ పీఠం మీద గానీ కూర్చోబెట్టి గుంతలోకి దించుతారు. నడినెత్తిన శంఖంతోనో కొబ్బరికాయతోనో కపాల భేదనం చేస్తారు. ప్రాణం బ్రహ్మరంధ్రం గుండా పోవాలన్నది అక్కడి భావన. ఆ పైన ఉప్పు, కర్పూరం, చందనం, విభూతి, మట్టి పోసి నింపుతారు. ఉప్పు చాలా పోస్తారు. కంచి కామకోటి పీఠంలో 1994 జనవరి 8న చంద్రశేఖరేంద్ర సరస్వతి స్వామి సిద్ధి పొందినప్పుడు, 2018 ఫిబ్రవరి 28న జయేంద్ర సరస్వతి స్వామి పోయినప్పుడు ఈ క్రమమే జరిగింది. జయేంద్రుల సమాధి మర్నాడు మార్చి 1న, తన గురువు పక్కనే మఠంలో కట్టారు. దగ్గరుండి నడిపించింది విజయేంద్ర సరస్వతి స్వామి. శిష్యుడు చేయాలి, కొడుకు కాదు. మఠాల్లో ఇది గట్టి పట్టింపు.

వీరశైవ లింగాయతుల దారి వేరు. వాళ్లలో స్వామీజీ అయినా సామాన్యుడైనా ఖననమే. మెడలోని ఇష్టలింగాన్ని చేతిలో పెట్టి కూర్చోబెడతారు, విభూతి గట్టీలతో బిల్వదళాలతో నింపుతారు. తుమకూరు సిద్ధగంగ మఠాధిపతి శివకుమార స్వామీజీ 2019 జనవరి 21న 111 ఏళ్ల వయసులో లింగైక్యమైనప్పుడు మనం టీవీల్లో చూసింది ఈ క్రియనే. ఆ రోజు గురించి పత్రికల్లో వచ్చిన ఒక సంగతి నాకు అన్ని లాంఛనాల కన్నా పెద్దదిగా అనిపించింది. మఠంలో ఉండి చదువుకునే వేలమంది పిల్లలు మధ్యాహ్నం భోంచేశాకే కబురు బయటపెట్టాలని స్వామీజీ ముందే చెప్పారట. అలాగే చేశారు.

ఒకే మాట, చాలా రకాలు

తెలుగులో అన్నిటికీ కలిపి సమాధి అనేస్తాం గానీ లోపల తేడాలున్నాయి. శృంగేరి లాంటి స్మార్త పీఠాల్లో సమాధిని అధిష్ఠానం అంటారు, పైన శివలింగం ప్రతిష్ఠిస్తారు. మధ్వ మఠాల్లో అది బృందావనం, పైన తులసి ఉంటుంది. లింగాయతులది గద్దుగె.

వీటన్నిటికీ వేరుగా జీవ సమాధి ఉంది. ప్రాణం పోయాక శిష్యులు చేసేది కాదు, గురువే ముహూర్తం చెప్పి లోపలికి వెళ్లి కూర్చోవడం. కడప జిల్లా కందిమల్లాయపల్లెలో పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామి 1693లో వైశాఖ శుద్ధ దశమి నాడు ఇలాగే సమాధిలోకి వెళ్లారని సంప్రదాయం. ఏటా ఆ తిథికి బ్రహ్మంగారిమఠం జనంతో నిండిపోతుంది. తుంగభద్ర ఒడ్డున మంచాలలో, అంటే ఇవాళ్టి మంత్రాలయంలో, రాఘవేంద్రస్వామి 1671లో శ్రావణ బహుళ విదియ నాడు సశరీరంగా బృందావన ప్రవేశం చేశారని మధ్వులు చెబుతారు. ఆ ఊరిని ఇచ్చింది ఆదోని నవాబు సిద్ది మసూద్ ఖాన్. స్వామి ఇప్పటికీ లోపల ఉన్నారు, వింటున్నారు అన్నది అక్కడికి వచ్చేవాళ్ల నమ్మకం. అందుకే మంత్రాలయంలో వాతావరణం సంస్మరణ సభలా ఉండదు, దర్బారులా ఉంటుంది. భక్తులు మొక్కుతారు, అడుగుతారు, అలుగుతారు.

మంత్రాలయానికి రాలేనివాళ్ల కోసం మధ్వులు మంచి ఏర్పాటు చేసుకున్నారు. మూల బృందావనం దగ్గరి మట్టిని తీసుకెళ్లి వేరే ఊళ్లో బృందావనం కడతారు. దాన్ని మృత్తికా బృందావనం అంటారు. హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో మీ వీధి చివర ఉన్న రాఘవేంద్రస్వామి మఠం అలాంటిదే కావచ్చు. దీనివల్ల మూల స్థానం విలువ తగ్గలేదు సరికదా పెరిగింది. ఎన్ని శాఖలు వెలిసినా మట్టి అక్కడి నుంచే రావాలి మరి.

శ్రీరంగంలో రామానుజులది ఇంకో తీరు. ఆలయ ప్రాంగణంలోని ఆయన సన్నిధిలో మనకు కనిపించేది శిల్పం కాదు, ఆయన తిరుమేనే, అంటే అసలు దేహమే అని శ్రీవైష్ణవుల విశ్వాసం. ఏడాదికి రెండుసార్లు పచ్చకర్పూరం, కుంకుమపువ్వు కలిపి పూత పూస్తారు. మరోవైపు మధ్వాచార్యులకు సమాధే లేదు. బదరికి వెళ్లి అదృశ్యమయ్యారని చెబుతారు, మధ్వ నవమి నాడు తలుచుకుంటారు.

ఆదిశంకరుల విషయం మరీ చిక్కు. ఆయన సిద్ధి పొందింది కంచిలో అని కంచి మఠం అంటుంది. కేదారనాథ్‌లో అని శృంగేరి వైపు సంప్రదాయం. త్రిశూర్‌లో అని కేరళలో చెబుతారు. చరిత్ర మీద ఆసక్తితో వచ్చిన తగువు మాత్రమే కాదిది. ఆచార్యుడు చివరి రోజులు మా దగ్గరే గడిపాడు అంటే, ఆయన పరంపర మాదే అని చెప్పినట్టు. 2013 వరదల్లో కేదారనాథ్‌లోని శంకర సమాధి కొట్టుకుపోయింది. 2021 నవంబరు 5న అక్కడ 12 అడుగుల కొత్త విగ్రహాన్ని ప్రధాని ఆవిష్కరించారు. వాదం తేలకపోయినా విగ్రహం మాత్రం లేచింది.

ఆరాధన అంటే ఏం చేస్తారు

ఆరాధన తిథి ప్రకారం వస్తుంది. మంత్రాలయంలో ముఖ్యంగా మూడు రోజులు. శ్రావణ బహుళ పాడ్యమి పూర్వారాధన, విదియ మధ్యారాధన, తదియ ఉత్తరారాధన. తెల్లవారుజామునే నిర్మాల్యం తీసి, బృందావనానికి పంచామృతాభిషేకం చేసి, అలంకరించి, మఠం ఆరాధ్యదైవం మూలరాముల పూజ అయ్యాక స్వామికి హస్తోదకం ఇస్తారు. ముందు దేవుడికి నైవేద్యం, దేవుడికి పెట్టినది గురువుకు, గురువుకు పెట్టినది భక్తులకు. వరస తప్పకూడదు. రాఘవేంద్రుల పూర్వజన్మ ప్రహ్లాదుడిదని నమ్మకం కాబట్టి ఉత్తరారాధన నాడు మహారథం మీద ఊరేగేది ప్రహ్లాదరాయల ఉత్సవమూర్తి. ఆ రోజుల్లో తిరుమల నుంచి శ్రీవారి శేషవస్త్రం వస్తుంది. దేవుడు కట్టి విడిచిన వస్త్రం గురువుకు అందడం అన్నమాట. ఆ వస్త్రాన్ని తలమీద పెట్టుకుని తీసుకెళ్లే దృశ్యాన్ని చూడటానికే చాలామంది ముందురోజు దిగుతారు.

పుట్టపర్తిలో తిథి పట్టించుకోలేదు. ఏప్రిల్ 24నే ఆరాధన మహోత్సవం. దేశ దేశాల భక్తులు రావాలంటే ఇంగ్లీషు తేదీయే సులువు. శిర్డీలో మళ్లీ తిథే. సాయిబాబా పోయింది 1918 విజయదశమి కాబట్టి దసరాకే పుణ్యతిథి ఉత్సవం.

దర్గాల ఉరుసు కూడా ఈ వరసలోదే. కడప పెద్ద దర్గాలో ఉరుసు అంటే ఏడుపు రోజు కాదు, పండుగ. గురువు తాను కోరుకున్నవాడిని చేరిన రోజు అది. గంధం, చాదర్, కవ్వాలీ, అన్నదానం. మతం వేరైనా, వచ్చేవాళ్లలో కొంతమంది మంత్రాలయంలోనూ కనిపించే మనుషులే.

ఎక్కడైనా ఒకటి మారదు: భోజనం. మఠాన్ని అంచనా వేయడానికి నాదో మొరటు పద్ధతి ఉంది. ఆరాధన రోజు వీఐపీ దర్శనం క్యూ ఎంత బాగా నడిచిందో చూడను, చివరి పంక్తిలో కూర్చున్నవాడికి పాయసం అందిందా అని చూస్తాను.

శిర్డీలో రెండు రోజులు

గౌరవం ఎలా చేయాలన్న దాని మీద ఊరు రెండుగా చీలితే ఏమవుతుందో శిర్డీలో చూశారు. 1918 అక్టోబరు 15 మంగళవారం మధ్యాహ్నం బాబా దేహం విడిచారు. ఆయన హిందువా, ముస్లిమా అన్నది బతికున్నన్నాళ్లూ తేల్చలేదు. ఉన్నది మసీదులో, దానికి ద్వారకామాయి అని పేరు పెట్టుకున్నారు, లోపల ధుని వెలిగించుకున్నారు. దేహం ముందు పెట్టుకుని ఊరివాళ్లు తేల్చుకోవాల్సి వచ్చింది.

ముస్లిం భక్తులు ఆరుబయట స్థలంలో ఖననం చేసి పైన గోరీ కడదామన్నారు. వాళ్లతో ఏకీభవించిన హిందువులూ ఉన్నారు. గ్రామాధికారి రామచంద్ర పాటిల్ ససేమిరా అన్నారు. నాగపూర్ ధనికుడు బూటీ కట్టిస్తున్న వాడాలోనే ఉంచాలన్నది ఆయన పట్టు. బూటీ ఆ భవనాన్ని మురళీధరుడి గుడితో కలిపి కట్టాలనుకున్నారు. కృష్ణుడి కోసం వేదిక సిద్ధమవుతోంది. రాత్రంతా మాటలు నడిచాయి. బుధవారం కోపర్‌గావ్ నుంచి మామలతదారు, అంటే మన తాసీల్దారు లాంటి అధికారి, వచ్చారు. రాజీ కుదరక జనం అభిప్రాయం లెక్కపెట్టారు. వాడా వైపు రెట్టింపు మంది తేలారు. అయినా అహ్మద్‌నగర్ కలెక్టరును అడగాలన్నారు అధికారి. కాకాసాహెబ్ దీక్షిత్ ప్రయాణానికి సిద్ధమవుతుండగా రెండో పక్షం మెత్తబడింది. బుధవారం సాయంత్రం దేహాన్ని వాడాకు తీసుకెళ్లి, మురళీధరుడి కోసం ఉంచిన చోట సమాధి చేశారు. ఇవాళ మన తెలుగువాళ్లు రైలెక్కి వెళ్లి దండం పెట్టుకునే సమాధి మందిరం అదే.

ఇందులో నాకు నచ్చింది ఓట్ల లెక్క కాదు. అన్ని గంటల టెన్షన్‌లోనూ కొట్లాట జరగలేదు. గెలిచిన పక్షం రెండో పక్షాన్ని బయటికి పంపలేదు. అయితే స్థలం నిర్ణయం కావడంతోనే బాబాను ఏ పద్ధతిలో కొలవాలో కూడా చాలావరకు నిర్ణయమైపోయింది. సమాధి గుడి లోపలికి వచ్చింది, 1954లో పాలరాతి విగ్రహం వచ్చింది, హారతి వేళలు వచ్చాయి. ఆరుబయట గోరీ కట్టి ఉంటే ఇవాళ్టి శిర్డీ ఇంకోలా ఉండేది.

నదిలో దీవి, కోర్టులో ఆరాధన

శిర్డీ గొడవ రెండో రోజుకు తీరింది. కర్ణాటకలో ఆనెగుంది దగ్గర తుంగభద్ర మధ్య దీవిలో ఉన్న నవ బృందావనం గొడవ తరాలుగా నడుస్తోంది. తొమ్మిది మంది మధ్వ యతుల బృందావనాలు అక్కడున్నాయి. వారిలో మొదటివారు పద్మనాభ తీర్థులు. పూర్వాశ్రమంలో శోభన భట్టు, గోదావరి ప్రాంతపు పండితుడని సంప్రదాయం. కృష్ణదేవరాయల కాలపు వ్యాసతీర్థులు, రాఘవేంద్రుల గురువు సుధీంద్ర తీర్థులు కూడా అక్కడే ఉన్నారు.

ఉత్తరాది మఠం, రాఘవేంద్రస్వామి మఠం రెండూ పద్మనాభ తీర్థుల పరంపరే. కాబట్టి ఆయన ఆరాధన మేం చేస్తామంటే మేం చేస్తామని ఇద్దరూ అంటారు. దీవి ఒకటి, తిథి ఒకటి, మఠాలు రెండు. ఎవరు ముందు, ఎవరు తర్వాత, ఎవరి సమయం ఎప్పుడు అయిపోతుంది అని కోర్టులు ఆరాధన రోజుల్ని పంచి ఇవ్వాల్సి వచ్చింది. అక్కడితో ఆగలేదు. తొమ్మిదింటిలో ఒక బృందావనం రఘువర్య తీర్థులదని ఉత్తరాది వాళ్లంటే, కాదు టీకాచార్యులు జయతీర్థులదని రెండో పక్షం అంటుంది. జయతీర్థుల మూల బృందావనం మల్ఖేడ్‌లో ఉందన్నది ఉత్తరాది మఠం మాట. బయటివాళ్లకు ఇది రాళ్ల గురించి తగువులా కనిపిస్తుంది. ఆ రాయి కింద ఉన్నది ఎవరో తేలితే, ముందు నిలబడి పూజించాల్సింది ఎవరో తేలుతుంది. అసలు పోరు అక్కడ.

2019 జులైలో ఇదే దీవిలో నిధుల వేటగాళ్లు వ్యాసతీర్థుల బృందావనాన్ని పగలగొట్టారు. అరెస్టయిన వాళ్లలో ఆంధ్రప్రదేశ్ వాళ్లున్నారు. అప్పుడు మాత్రం మఠాల తేడా లేకుండా భక్తులు పరుగెత్తుకొచ్చి రోజుల్లోనే తిరిగి నిలబెట్టారు. హక్కు అడిగే పని లేనప్పుడు భక్తి ఎంత వేగంగా కదులుతుందో అప్పుడు కనిపించింది.

చట్టం ఏమంటుంది

హిందూ చట్టంలో సన్యాసం తీసుకోవడమంటే లౌకికంగా చనిపోవడమే. శాస్త్రోక్తంగా సన్యసించినవాడికి పూర్వాశ్రమపు ఆస్తిలో వాటా పోతుంది. ఆ తర్వాత సంపాదించినది కన్నవాళ్లకూ అన్నదమ్ములకూ రాదు, గురుశిష్య వరసలో వెళ్తుంది. కాషాయం కట్టుకుంటే సరిపోదు, తంతు జరిగినట్టు రుజువుండాలి. మఠం ఆస్తి మఠానిదే. స్వామి దాన్ని నడిపేవాడు, అనుభవించి అమ్ముకునేవాడు కాడు. కాబట్టి పీఠం ఎవరిదో తేలకపోతే భూములు, హుండీ, బ్యాంకు ఖాతాలు అన్నీ అటూ ఇటూ ఊగుతాయి.

సమాధి పూజకు ఆస్తి రాసివ్వడం మీద 1953లో సుప్రీంకోర్టు తీర్పొకటి ఉంది. సరస్వతి అమ్మాళ్, రాజగోపాల్ అమ్మాళ్ మధ్య కేసు. భర్త సమాధి దగ్గర నిత్యపూజ, గురుపూజ జరగాలని ఒక భార్య శాశ్వతంగా ఆస్తి అంకితం చేసింది. అది చెల్లదంది కోర్టు. సమాధి పూజకు ఆస్తిని శాశ్వతంగా కట్టిపడేయడం హిందూ ధర్మం గుర్తించిన పుణ్యకార్యం కాదంది. అందరూ మహాత్ముడిగా కొలిచే వ్యక్తి సమాధి సంగతి వేరు కావచ్చని కూడా అంది. అంటే మనవాళ్ల మీద మనకెంత ప్రేమున్నా అది మన ఇంటి వరకే. ఊరు కొలిస్తేనే అది ధర్మసంస్థ అవుతుంది. ఊరు కొలుస్తోందని రుజువు ఏమిటంటే మళ్లీ ఆరాధన, జనం, అన్నదానం. ఉత్సవాలు అంత ఘనంగా చేయడం వెనక ఈ కోణం కూడా ఉందని మరిచిపోకూడదు.

ముందే చెప్పినవాళ్లు, చెప్పనివాళ్లు

సన్యాసి మఠాల్లో సాధారణంగా గురువు బతికుండగానే ఉత్తరాధికారిని ఎంచి దీక్ష ఇస్తాడు. సిద్ధగంగలో సిద్ధలింగ స్వామి ఎప్పటి నుంచో ఉన్నారు కాబట్టి 2019లో లక్షల జనం వచ్చినా పీఠం గురించి ఒక్క ప్రశ్నా లేవలేదు. శృంగేరిలో మచిలీపట్నంలో పుట్టిన భారతీతీర్థ స్వామి, తిరుపతిలో పుట్టిన విధుశేఖర భారతి స్వామికి 2015లో సన్యాసం ఇచ్చి వరస తేల్చేశారు.

బ్రహ్మంగారి మఠం సంగతి వేరు. అది గృహస్థుల పరంపర, వీరబ్రహ్మేంద్రుల వంశం వారే మఠాధిపతులవుతారు. సన్యాసి మఠంలో శిష్యుడే వారసుడు, ఇక్కడ కొడుకు. కొడుకులు ఇద్దరు భార్యల వైపు నుంచి ఉంటే? 2021 మే నెలలో అప్పటి మఠాధిపతి కాలం చేశాక సరిగ్గా ఇదే జరిగింది. రెండు పక్షాలు, వీలునామా మాటలు, వేరే పీఠాధిపతుల రాయబారాలు, దేవాదాయ శాఖ, హైకోర్టు. కాలజ్ఞానం చెప్పిన స్వామి మఠంలో రేపు ఎవరు అన్నది తెలియకపోయిందే అని అప్పట్లో ఊళ్లో జోకులు కూడా పేలాయి. జోకు సంగతి ఎలా ఉన్నా, గృహస్థ పీఠాల్లో లోపం భక్తిది కాదు, రాతకోతలది.

పుట్టపర్తి మూడో రకం. అక్కడ కొడుకూ లేడు, దీక్ష పొందిన శిష్యుడూ లేడు. ఉన్నది 1972లో పెట్టిన ట్రస్టు. 2011 జూన్‌లో బాబా నివాసం యజుర్‌మందిరం తలుపులు తెరిచినప్పుడు రూ.11.56 కోట్ల నగదు, 98 కిలోల బంగారం, 307 కిలోల వెండి లెక్క తేలాయి. వారాల తరబడి పత్రికలకు అదే వార్త. ట్రస్టు ఆసుపత్రులు, విద్యాసంస్థలు, మంచినీటి పథకాలు నడపగలదు, నడిపింది కూడా. కానీ ట్రస్టు దర్శనం ఇవ్వలేదు కదా. బాబా తన తర్వాతి అవతారం ప్రేమసాయి అని చెప్పి ఉన్నారు, ఆయన కర్ణాటకలో పుడతారన్నారు. ఈ ఖాళీలోకే కర్ణాటకలోని ముద్దెనహళ్లిలో ఒక వర్గం వచ్చింది, బాబా సూక్ష్మరూపంలో తమతో మాట్లాడుతున్నారంది. పుట్టపర్తి ట్రస్టు అది తమకు సంబంధం లేదని చెప్పేసింది. భక్తుల్లో కొందరు అటు వెళ్లారు, ఎక్కువమంది సమాధి దగ్గరే ఉండిపోయారు. గురువు గొంతు వినిపించేవాళ్లు ఒకవైపు, గురువు దేహం ఉన్నచోటు మరోవైపు. ఇప్పటికైతే దేహం ఉన్న చోటే గట్టిగా నిలిచింది.

తుపాకుల వందనం

చివరి పాత్రధారి ప్రభుత్వం. అధికార లాంఛనాలు ఎవరికి ఇవ్వాలన్నది చాలావరకు రాష్ట్ర ప్రభుత్వం ఇష్టం. సత్యసాయికి, శివకుమార స్వామీజీకి, 2019 డిసెంబరు 29న పోయిన ఉడుపి పేజావర మఠాధిపతి విశ్వేశ తీర్థ స్వామికి ఇచ్చారు. సెలవులు, సంతాప దినాలు, జెండా, పోలీసుల తుపాకుల వందనం. అన్నీ విడిచిపెట్టినవాడికి, దండం తప్ప ఆయుధం పట్టనివాడికి గాల్లో కాల్పులేమిటని నాకెప్పుడూ అనిపిస్తుంది. వందనం స్వామికే అయినా, చూడాల్సింది ఆయన వెనకున్న జనం అని తెలిసీ చేసే పని అది. పార్టీలన్నిటికీ ఈ లెక్క వచ్చు, ఒకరిని అనడానికి లేదు.

ఆ తర్వాత బిరుదులు, పేర్లు వస్తాయి. పేజావర స్వామికి మరుసటి నెలే పద్మవిభూషణ్ ప్రకటించారు. అనంతపురం నుంచి విడదీసిన జిల్లాకు 2022 ఏప్రిల్‌లో శ్రీ సత్యసాయి జిల్లా అని పేరు పెట్టి పుట్టపర్తిని కేంద్రం చేశారు. ఇది సమాధి కన్నా పెద్ద గౌరవమే. బాబాను నమ్మనివాళ్లు కూడా రేషన్ కార్డు మీద, భూమి పత్రం మీద ఆ పేరు రాసుకోవాల్సిందే. 2025 నవంబరులో శతజయంతికి ప్రధాని వచ్చి స్మారక నాణెం, తపాలా బిళ్లలు విడుదల చేశారు.

వీటిలో ఏవి నిలుస్తాయో మంత్రాలయం చూస్తే కొంత తెలుస్తుంది. ఊరిచ్చిన నవాబు రాజ్యం పోయింది, తర్వాత వచ్చిన కుంపిణీ పోయింది. మిగిలినవి తిథి, వంట, వరస తప్పని శిష్యులు. 2025 ఏప్రిల్ 30న, అక్షయ తృతీయ నాడు, కంచిలో విజయేంద్ర సరస్వతి స్వామి అన్నవరం నుంచి వచ్చిన ఒక యువ వేద పండితుడికి సన్యాసమిచ్చి సత్య చంద్రశేఖరేంద్ర సరస్వతి అని పేరు పెట్టారు. ఆ వేడుకను మనవాళ్లంతా తెలుగు కుర్రాడు కంచి పీఠానికి వెళ్లాడన్న సంబరంతో చూశారు. మఠం లెక్కలో మాత్రం ఆ రోజు ఇంకో సంగతి కూడా ఖాయమైంది: విజయేంద్రుల తర్వాత అధిష్ఠానం దగ్గర కర్మ చేయాల్సింది ఎవరు, మొదటి ఆరాధన నడపాల్సింది ఎవరు అన్నది.